పొద్దున మొరాయించి, ఒకసారి లేచాక రోజంతా పనిచేసే కంప్యూటర్: బోర్డు పోయిందని ఒప్పుకునే ముందు

నాన్నగారి షాపు కంప్యూటర్ పొద్దున లేవట్లేదని, బోర్డు పోయిందని బాగుచేసే అతను అన్నాడని రాశారు కదా. ముందు ఒక్క మాట. ఇది చదివే టైముకి ఆ సిస్టమ్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేయకండి. అలాగే ఉంచి పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు, కస్టమర్ల ఫొటోలు, ఫాంట్లు అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసేయండి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఫాంట్లని ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే తెలుగు డీటీపీలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉండే అక్షరాల పద్ధతి) కావు కదా, రేపు ఫైలు దక్కినా ఆ ఫాంటు లేకపోతే తెరిచినప్పుడు ఒక్క ముక్క కూడా చదవలేరు. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ వివరాలు కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక మీ సమస్య. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. తెనాలిలో నాన్నగారి డీటీపీ షాపు, హెచ్81 మదర్‌బోర్డు (ఇక్కడ బోర్డు అంటే ఇదే), ఫోర్త్ జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీ ఒకటి, ఫైళ్లు పెట్టుకునే 1 టీబీ హార్డ్‌డిస్క్ ఒకటి. పొద్దున షాపు తెరిచి బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క సెకను కదిలి ఆగిపోతోంది. మళ్లీ మళ్లీ నొక్కితే ఒక్కోసారి ఫ్యాన్లు తిరుగుతాయి గానీ డిస్‌ప్లే రాదు, ఇంకా నొక్కగా నొక్కగా చివరికి లేస్తుంది. లేచిందంటే రాత్రి దాకా ఏ ఇబ్బందీ లేదు. తేదీ మాత్రం ఎప్పుడో పాత సంవత్సరం జనవరి 1 చూపిస్తుంది. ఈమధ్య దానికి తోడు సరైన బూట్ డివైజ్ ఎంచుకోమని నల్ల స్క్రీన్ మీద మెసేజ్, ఒకసారి ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్ అని బ్లూ స్క్రీన్. బాగుచేసే అతను వచ్చి చూసి బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి అన్నాడు. పెళ్లిళ్ల సీజన్ ముందు ఇంత ఖర్చా అని నాన్నగారు టెన్షన్ పడుతున్నారు.

బోర్డు పోయినట్టు నాకు అనిపించట్లేదు. పోయిన బోర్డు రోజూ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా శుభ్రంగా పనిచేయడం చాలా అరుదు. ఎందుకలా అంటున్నానో చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే రేపు షాపులో ఎవరేం చెప్పినా మీరే తేల్చుకోగలరు.

కంప్యూటర్ ఆన్ కావట్లేదు అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సమస్యలు ఉంటాయి. అసలు కరెంటే సరిగ్గా అందకపోవడం ఒకటి. కరెంటు అంది ఫ్యాన్లు తిరిగినా డిస్‌ప్లే రాకపోవడం రెండోది. బోర్డు లోగో వచ్చి అక్కడే ఆగడం, లేదా బూట్ డివైజ్ లేదనడం మూడోది. విండోస్ మొదలై మధ్యలో పడిపోవడం నాలుగోది. ఎక్కడ ఆగిందో చూడకుండా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు అయిపోతుంది, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. మీ సిస్టమ్ ఈ నాలుగు చోట్లా ఆగుతోంది కాబట్టి అతనికి అంతా బోర్డులాగే కనిపించి ఉంటుంది. నా లెక్క ప్రకారం మీ దగ్గర రెండే లోపాలు ఉన్నాయి, అవి ఒకేసారి వచ్చి కలిసిపోయాయి. ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలకి అందించే పెట్టె) పాతబడింది, బోర్డు మీదున్న బటన్ సెల్ (తేదీని, సెట్టింగులని కాపాడే నాణెం లాంటి చిన్న బ్యాటరీ) అయిపోయింది. బూట్ డివైజ్ మెసేజ్, బ్లూ స్క్రీన్ రెండూ ఆ సెల్ అయిపోవడం వల్ల వచ్చినవే.

బటన్ నొక్కగానే లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం. ప్లగ్ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, ఎస్ఎంపీఎస్ నుంచి ఊదారంగు వైరులో 5 వోల్టులు బోర్డుకి వస్తూనే ఉంటాయి. దీన్ని స్టాండ్‌బై అంటారు. మీరు బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ వైరుని గ్రౌండ్‌కి లాగుతుంది, అదే ఎస్ఎంపీఎస్‌కి నిద్ర లేవమని సిగ్నల్. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల లైన్లు మూడూ లేస్తాయి. అవి నిలకడగా ఉన్నాయని ఎస్ఎంపీఎస్‌కి అనిపించాక, అంటే 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు, బూడిదరంగు వైరులో పవర్ ఓకే అని చెబుతుంది. ఆ ఓకే వచ్చాకే బోర్డు ప్రాసెసర్‌ని వదులుతుంది, ప్రాసెసర్ బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) చిప్ నుంచి మొదటి ఆదేశం చదువుతుంది, ర్యామ్ చూస్తుంది, డిస్‌ప్లే తెస్తుంది, డిస్కులు వెతుకుతుంది, ఆ తర్వాతే విండోస్. ఆ ఓకే రాకపోతే, లేదా వచ్చి మళ్లీ పోతే, ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగిపోతుంది. అచ్చం మీరు చెప్పినట్టే.

పొద్దున మాత్రమే ఎందుకు? ఎస్ఎంపీఎస్ లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి కొద్దికొద్దిగా ఎండిపోతూ ఉంటుంది. ఎండేకొద్దీ కరెంటుని నిలబెట్టే శక్తి తగ్గి, లోపలి నిరోధం పెరుగుతుంది. ఆ నిరోధం చల్లగా ఉన్నప్పుడు మరీ ఎక్కువ, వేడెక్కితే తగ్గుతుంది. అందుకే రాత్రంతా చల్లబడ్డ ఎస్ఎంపీఎస్ పొద్దున వోల్టేజీని నిలకడగా ఇవ్వలేదు, మీరు పదేపదే బటన్ నొక్కుతుంటే ప్రతిసారీ ఒక క్షణం కరెంటు పారి కెపాసిటర్లు కాస్త కాస్త వెచ్చబడి, చివరికి ఒకసారి నిలదొక్కుకుంటుంది. లేచాక వేడి మీదే ఉంటుంది కాబట్టి రాత్రి దాకా ఢోకా లేదు. డిసెంబరు, జనవరిలో ఇలాంటి సిస్టమ్‌లు రిపేరుకి ఎక్కువ రావడానికి కారణం ఇదే. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక బాగుంటే నేను ముందు ఎస్ఎంపీఎస్‌నే అనుమానిస్తాను. దీనికి వ్యతిరేకంగా, పొద్దున వెంటనే లేచి గంట తర్వాత ఆగిపోతుంటే అది వేడి సమస్య, అప్పుడు ప్రాసెసర్ మీది ఫ్యాను, దాని కింద వేడిని లాగే పేస్టు, దుమ్ము చూడాలి. ఈ రెండింటినీ కలిపేయకండి.

ఇప్పుడు పైసా ఖర్చు లేని ఒక పరీక్ష చెప్తాను, ఈ రాత్రే చేయొచ్చు. మీరు రోజూ షాపు మూసేటప్పుడు గోడ స్విచ్‌బోర్డులో మెయిన్ స్విచ్ కట్టేస్తారని రాశారు కదా. ఒక్క రాత్రికి, ఉరుములూ మెరుపులూ లేని రోజు చూసి, విండోస్‌లో మామూలుగా షట్‌డౌన్ చేసి ప్లగ్ స్విచ్ మాత్రం వేసే ఉంచండి. ప్రింటర్, మానిటర్ లాంటివి తీసేయొచ్చు, సీపీయూ క్యాబినెట్‌కి మాత్రం కరెంటు అందాలి. పొద్దున వచ్చి బటన్ నొక్కండి. ఒక్క దెబ్బకి లేచి, తేదీ కూడా సరిగ్గా ఉంటే మీ రెండు లోపాలూ తేలిపోయినట్టే. ఎందుకంటే స్టాండ్‌బై 5 వోల్టులు రాత్రంతా ఉంటే ఆ భాగం చల్లబడదు, పైగా గడియారం చిప్‌కి కూడా ఆ కరెంటే అందుతుంది కాబట్టి బటన్ సెల్ అవసరమే రాదు. స్విచ్ కట్టేసిన రాత్రి మాత్రమే గడియారం సెల్ మీద ఆధారపడుతుంది, అది అయిపోతే తేదీ పోతుంది, దాంతోపాటు బయోస్ సెట్టింగులూ పోవచ్చు. ఇది రోగం కనుక్కోవడానికే, మందు అనుకుని రోజూ ఇలా వదిలేయకండి. పాత ఎస్ఎంపీఎస్‌ని మనిషి లేని షాపులో రాత్రంతా కరెంటులో ఉంచడం అలవాటు చేసుకోవద్దు.

లేవకపోయినా నిరాశ పడొద్దు, కొన్ని చిన్న చిన్న విషయాలు ఇంకా ఉన్నాయి. క్యాబినెట్ బటన్ ఇరుక్కుపోయిందేమో చూడండి. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే నాలుగు సెకన్లకి సిస్టమ్ ఆఫ్ అవ్వాలనేది బోర్డులోనే ఉన్న ఏర్పాటు. బటన్ లోపలికి వెళ్లి బయటికి రాకపోతే కంప్యూటర్ ఆన్ అయి సరిగ్గా నాలుగైదు సెకన్లకి ఆగిపోతుంది. మీది ఒక్క సెకనులోనే ఆగుతోంది కాబట్టి అది కాకపోవచ్చు. రీసెట్ బటన్ ఇరుక్కుంటే మాత్రం ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, డిస్‌ప్లే ఎప్పటికీ రాదు, ఇది చాలామంది చూడరు. బోర్డు కింది మూల నుంచి ఈ రెండు సన్న వైర్ల కనెక్టర్లూ లాగేసి, పవర్ స్విచ్ అని ఉన్న రెండు పిన్నులనీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించండి. సిస్టమ్ లేస్తే తప్పు బటన్‌ది. అక్కడ ఉండేది 5 వోల్టుల లోపే కాబట్టి షాక్ భయం లేదు, పక్క పిన్నులకి తగలకుండా మాత్రం చూసుకోండి.

మీ షాపు విషయంలో నాకు ఇంకో అనుమానం. జిరాక్స్, డీటీపీ షాపుల్లో ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కంప్యూటర్, మానిటర్, లేజర్ ప్రింటర్, ఒక్కోసారి లామినేషన్ మెషీను కూడా పెట్టేస్తారు, ఆ బాక్సుని తీసుకెళ్లి 600 వీఏ యూపీఎస్‌కి గుచ్చుతారు. లేజర్ ప్రింటర్ లోపల కాగితం మీద టోనర్‌ని కాల్చి అంటించే హీటర్ ఉంటుంది, అది వేడెక్కినప్పుడల్లా ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. అది యూపీఎస్ మీద పెట్టేది కాదు, నేరుగా గోడ సాకెట్‌కి పెట్టాలి. పొద్దున అన్ని స్విచ్‌లూ ఒకేసారి వేస్తే ప్రింటర్ వేడెక్కే సమయం, మీరు కంప్యూటర్ బటన్ నొక్కే సమయం ఒకటే అవుతుంది. యూపీఎస్ లోపలి 12 వోల్టుల బ్యాటరీ కూడా రెండు మూడేళ్లలో నీరసపడిపోతుంది. కాబట్టి పరీక్ష చేసే ఒకటి రెండు రోజులు యూపీఎస్‌ని పక్కన పెట్టి, సీపీయూ వైరుని గోడ సాకెట్‌కి పెట్టి చూడండి. ఆ సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూపించండి. క్యాబినెట్ రేకుని తాకితే జిల్లుమంటుంటే ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ ముందు భాగంలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్త్ దొరకనప్పుడు ఆ రేకు మీదికే కరెంటుని వదులుతాయి. చాలామంది అది మామూలే అనుకుంటారు గానీ అదే పెన్‌డ్రైవ్ పోర్టులని, ప్రింటర్ పోర్టులని తినేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించండి.

మల్టీమీటర్ ఉంటే, లేకపోతే ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది, వోల్టేజీలు చూడండి. బోర్డుకి గుచ్చే 24 పిన్నుల కనెక్టర్ వెనక వైపు నుంచి, కనెక్టర్ పీకకుండానే, నల్ల వైరుకి మీటర్ నల్ల పుల్ల, చూడాల్సిన వైరుకి ఎర్ర పుల్ల పెట్టాలి. సిస్టమ్ ఆఫ్‌లో ఉండి స్విచ్ వేసి ఉంటే ఊదారంగు వైరులో 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. పొద్దున వచ్చి స్విచ్ వేయగానే, బటన్ నొక్కక ముందే ఇది చూడాలి, మధ్యాహ్నం చూస్తే ఉపయోగం లేదు. తర్వాత బటన్ నొక్కి పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.46 వస్తున్నాయేమో చూడండి. బూడిదరంగు వైరులో సుమారు 5 వచ్చి నిలబడాలి. వచ్చి పడిపోతుంటే ఎస్ఎంపీఎస్ దొంగ దొరికినట్టే. కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌లకి అన్నీ నల్ల వైర్లే ఉంటాయి, వాటికి పిన్ను నంబరు చూసుకోవాలి: స్టాండ్‌బై 9, పవర్ ఓకే 8, ఆన్ సిగ్నల్ 16. ఒక సంగతి గుర్తుంచుకోండి. మీటర్ సగటు మాత్రమే చూపిస్తుంది, లోపల వోల్టేజీ వణుకుతుంటే చూపించదు. అంకెలు తేడాగా ఉంటే ఎస్ఎంపీఎస్ పోయినట్టే, అంకెలు బాగున్నంత మాత్రాన అది మంచిదని కాదు. తెలిసినవాళ్ల దగ్గర పనిచేస్తున్న ఎస్ఎంపీఎస్ ఒక్క పూటకి అరువు తెచ్చి పెట్టి చూడడాన్ని మించిన పరీక్ష లేదు, అదీ పొద్దున పెట్టి చూడాలి. 24 పిన్నులదే కాకుండా ప్రాసెసర్ పక్కన ఉండే 4 పిన్నుల కనెక్టర్ కూడా మర్చిపోకుండా పెట్టండి, అది పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు, కొత్త ఎస్ఎంపీఎస్ కూడా పాడే అనుకుంటారు.

చాలామంది 24 పిన్నుల కనెక్టర్ పీకేసి ఆకుపచ్చ, నల్ల వైర్లని పేపర్ క్లిప్పుతో కలిపి, ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగుంది అంటారు. మీ దగ్గరికి వచ్చినతను కూడా అదే చేసి ఉంటాడని అనుకుంటున్నాను. దానితో తెలిసేది ఎస్ఎంపీఎస్ లేస్తుందా లేదా అన్నది మాత్రమే, లోడు పడితే నిలబడుతుందా అన్నది తెలియదు. పైగా మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు చేస్తే మీ ఎస్ఎంపీఎస్ తప్పకుండా తిరుగుతుంది.

ఎస్ఎంపీఎస్ పెట్టెని మాత్రం విప్పొద్దు, వీడియోలు చూసి కెపాసిటర్ మార్చుకుందాం అనుకోవద్దు. 230 వోల్టుల ఏసీని డీసీ చేశాక లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల పైనే నిల్వ ఉంటుంది, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కొంతసేపు ఉంటుంది. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. బయటి నుంచి జాలీలో టార్చి వేసి చూడండి చాలు. బల్లి, చీమల మట్టి, ఉబ్బిన కెపాసిటర్ కనపడితే అక్కడితో దాని పని అయిపోయింది.

కొత్తది కొనేటప్పుడు పెట్టె మీద 450 వాట్లు, 500 వాట్లు అని పెద్ద అక్షరాల్లో రాసింది చూడొద్దు. పక్కనున్న లేబుల్‌లో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉందో చూడండి. 16 ఆంపియర్లు అని ఉంటే 12 పెట్టి గుణిస్తే 192 వాట్లు, అసలు పనికొచ్చేది దాదాపు అంతే, ఎందుకంటే ప్రాసెసర్, ఫ్యాన్లు, డిస్కు మోటారు నడిచేది 12 వోల్టుల లైను మీదే. మీ ఐ5 గరిష్ఠ వేడి లెక్క 84 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి మొత్తం సిస్టమ్ 150 వాట్లు దాటడం కష్టం. 750 వాట్లది కొనమని ఎవరైనా చెబితే వినకండి. 12 వోల్టుల లైను మీద నిజంగా 25, 30 ఆంపియర్లు ఇచ్చే, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉన్న, మూడేళ్లో అంతకంటే ఎక్కువో వారంటీ ఇచ్చే 400, 450 వాట్లది చాలు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ ఇన్నేళ్లు నడిచిందంటే అదే ఎక్కువ.

ఇప్పుడు సెల్ సంగతి. బోర్డు మీద నాణెంలా కనిపించేది సీఆర్2032, 3 వోల్టులది, ఫ్యాన్సీ షాపులోనూ వాచీల షాపులోనూ దొరుకుతుంది. కొత్తదానికి మీటర్ పెడితే 3 పైనే చూపిస్తుంది, మీ పాతది 2.8 కంటే తక్కువ ఉంటే మార్చేయండి, తేదీ పోతోంది కాబట్టి చూడకుండా మార్చేసినా తప్పులేదు. ప్లగ్ పీకేసి, రాసిన వైపు పైకి ఉండేలా పెట్టాలి. కానీ పీకే ముందు ఒక పని చేయండి, ఇది చాలా ముఖ్యం. సిస్టమ్ బాగా లేచి విండోస్ దాకా వెళ్లిన రోజు రీస్టార్ట్ చేసి, డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అందులో మూడు విషయాలు కావాలి: శాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) పాత ఐడీఈనా కొత్త ఏహెచ్‌సీఐనా, బూట్ మోడ్ (విండోస్‌ని మొదలుపెట్టే పద్ధతి) పాత లెగసీనా కొత్త యూఈఎఫ్ఐనా, బూట్ ఆర్డర్‌లో మొదట ఏ డిస్కు ఉంది.

మీ బ్లూ స్క్రీన్ ఇక్కడి నుంచే వస్తోందని నా నమ్మకం. ఈ సిస్టమ్‌లో మొదట విండోస్ 7 ఉండేదని, తర్వాత 10కి అప్‌గ్రేడ్ చేసి, దాన్నే ఎస్ఎస్‌డీలోకి క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించామని రాశారు. ఆ రోజుల్లో చాలామంది శాటా మోడ్‌ని ఐడీఈలో పెట్టి విండోస్ 7 వేసేవారు. సెల్ అయిపోయి బయోస్ తన సొంత సెట్టింగులకి వెళ్లిపోతే మోడ్ ఏహెచ్‌సీఐ అవుతుంది. విండోస్ మాత్రం ఐడీఈ డ్రైవర్‌తో లేవడానికి అలవాటుపడి ఉంటుంది, తన డిస్కుని తానే చదవలేక ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్ అంటుంది. విండోస్ పాడవలేదు, డిస్కు పాడవలేదు. బయోస్‌లోకి వెళ్లి మోడ్‌ని పాత దానికి మార్చి సేవ్ చేస్తే మామూలుగా లేస్తుంది. ఆ సమయంలో ఎవరైనా ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేద్దాం అంటే ఒప్పుకోకండి.

బూట్ డివైజ్ ఎంచుకోమనే మెసేజ్ కూడా అలాంటిదే. సెట్టింగులు పోయినప్పుడు బూట్ ఆర్డర్‌లో 1 టీబీ డిస్కు ముందుకి వచ్చేస్తుంది, అందులో విండోస్ లేదు కాబట్టి బోర్డు ఆ మాటే చెబుతుంది. ఎస్ఎస్‌డీని మొదటి స్థానంలో పెడితే సరిపోతుంది. ఇంకోటి, కస్టమర్ పెన్‌డ్రైవ్ ఏదైనా వెనక పోర్టుకి ఉండిపోయిందేమో కూడా చూడండి, డీటీపీ షాపుల్లో ఇది వారానికోసారి జరిగే సంగతే. ఎస్ఎస్‌డీ పేరు బయోస్‌లో అసలు కనిపించకపోతే మాత్రం వేరే విషయం, అప్పుడు శాటా కేబుల్ మార్చి, వేరే పోర్టులో పెట్టి చూడాలి.

కొత్త సెల్ వేసి అంతా కుదురుకున్నాక, తీరిక ఉన్న రోజున ఆ ఐడీఈ వదిలించుకుంటే మంచిది, ఎస్ఎస్‌డీకి ఏహెచ్‌సీఐ తోనే అసలు వేగం వస్తుంది. విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి, పైకి లేచేటప్పుడే బయోస్‌లోకి వెళ్లి మోడ్‌ని ఏహెచ్‌సీఐ చేసి సేవ్ చేయండి. సేఫ్ మోడ్‌లో లేచేటప్పుడు విండోస్ ఆ డ్రైవర్‌ని తనే పట్టుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే పని అయిపోయింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లే ముందు విండోస్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, పిన్ ఒక్కటే గుర్తుంటే అక్కడ ఇరుక్కుంటారు. కొత్త సిస్టమ్‌లు ఉన్నవాళ్లు ఇది చదివి ఇలాగే చేయబోతే ఒక హెచ్చరిక: విండోస్ 11 ఉన్న చాలా మెషీన్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి వేసే తాళం, దాని పేరే బిట్‌లాకర్) ఆన్‌లో ఉంటుంది, బయోస్‌లో ఏదైనా మారిస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. ఆ 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసుకోకుండా బయోస్‌లో చేయి పెట్టొద్దు.

ఇంత చెప్పాక కూడా బోర్డు మీద అనుమానం తీరాలి కదా. దానికి మంచి పరీక్ష ఉంది. కంప్యూటర్ పార్టుల షాపులో బోర్డుకి గుచ్చే చిన్న బీప్ స్పీకర్ దొరుకుతుంది, కొన్ని పదుల రూపాయలే. దాన్ని స్పీకర్ పిన్నులకి పెట్టి, కరెంటు ప్లగ్ పీకి, ర్యామ్ స్టిక్కులు రెండూ తీసేసి, డిస్కుల కేబుళ్లు కూడా తీసేసి, మళ్లీ ప్లగ్ పెట్టి ఆన్ చేయండి. ర్యామ్ లేదని బోర్డు బీప్‌లు కొడితే ప్రాసెసర్ బతికే ఉంది, బయోస్ చిప్ బతికే ఉంది, బోర్డులో కీలకమైన భాగమంతా పనిచేస్తోంది అని అర్థం. ర్యామ్ లేదని ఎవరో చెప్పాలి కదా, చెప్పేది ప్రాసెసరే. బీప్ వచ్చాక బోర్డు పోయిందని చెప్పేవాళ్లని ఏ భాగం పోయిందో చూపించమని అడగండి. బీప్ రాకపోతే మంచి ఎస్ఎంపీఎస్ పెట్టి ఇదే పరీక్ష మళ్లీ చేయాలి, అప్పుడూ రాకపోతేనే బోర్డో ప్రాసెసరో.

తర్వాత ఒక ర్యామ్ స్టిక్కుని మాత్రమే పెట్టి చూడండి, అది బాగుంటే తీసి రెండోది, ఆ తర్వాత రెండో స్లాటు. పెట్టే ముందు బంగారు రంగు కాళ్లని తెల్ల రబ్బరుతో మెల్లగా ఒకే దిశలో తుడవండి. మన కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ, వాటి మీద సన్నని పొర కట్టి కాంటాక్టు సరిగ్గా ఉండదు, ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోవడానికి ఎస్ఎంపీఎస్ తర్వాత ఎక్కువగా కనిపించే కారణం ఇదే. గట్టిగా రుద్దితే పూత పోతుంది. రబ్బరు పొడి స్లాటులో పడకుండా బయట తుడిచి, బ్రష్‌తో దులిపి పెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే మెత్తటి గుడ్డతో దాంతో తుడవడం ఇంకా మేలు. స్టిక్కు కూర్చున్నాక పక్క క్లిప్పు టక్ మని పడాలి.

డిస్కుల గురించి ఎక్కువ రాయను, మీ లక్షణాల్లో డిస్కు తప్పు నాకు కనిపించలేదు. అయినా డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్ వేసి 1 టీబీ డిస్కులో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (పాడైన, అనుమానం ఉన్న భాగాల లెక్క) వరుసల్లో సున్నా కాకుండా ఏదైనా ఉందేమో చూడండి. ఇన్నాళ్లూ పొద్దున్నే పదిసార్లు ఆన్ ఆఫ్ అయిన డిస్కు అది. సున్నా కాకపోతే ఆ డిస్కు మీద ఇక నమ్మకం పెట్టుకోవద్దు.

ఒకవేళ నిజంగా బోర్డే అని తేలితే? ప్రాసెసర్ చుట్టూ కెపాసిటర్లు ఉబ్బి ఉన్నా, మంచి ఎస్ఎంపీఎస్‌తో కూడా బీప్ రాకపోయినా నేను బోర్డు అని ఒప్పుకుంటాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల హెచ్81 బోర్డులు ఇప్పటికీ కొత్తవి, పాతవి దొరుకుతాయి. కంపెనీ పేరు లేని కొత్త బోర్డు కంటే పేరున్న కంపెనీ పాత బోర్డు, చూపించి ఆన్ చేసి ఇచ్చేదైతే, నేను అదే తీసుకుంటాను. కొత్త సిస్టమ్ కొనమన్న మాటలో అసలు నిజం లేదని కూడా అనను. విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, మీ ఫోర్త్ జనరేషన్ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. బ్యాంకు పనులు, జీఎస్టీ పనులు అదే సిస్టమ్‌లో చేస్తుంటే ఏదో ఒక రోజు మార్చాల్సిందే. కానీ ఆ నిర్ణయం సీజన్ అయ్యాక, డబ్బు చూసుకుని, పేజ్‌మేకర్ పాత ఫైళ్లు కొత్తదాంట్లో తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించి తీసుకోవాలి. బోర్డు పోయిందన్న భయంతో ఒక్క రోజులో తీసుకోకూడదు. ఇప్పటికి ఎస్ఎంపీఎస్ మీద పెట్టే డబ్బు వృథా కాదు, మంచిదైతే కొత్త సిస్టమ్‌లోకి కూడా అదే వెళ్తుంది.

ఈ రాత్రి స్విచ్ వేసి ఉంచి పొద్దున ఏమైందో రాయండి. పాత ఎస్ఎంపీఎస్ లేబుల్‌లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఉందో, ఊదారంగు వైరులో పొద్దున ఎంత చూపించిందో, ర్యామ్ తీసేస్తే బీప్ వచ్చిందో లేదో కూడా చెప్పండి. బయోస్ ఫొటోల్లో శాటా మోడ్ ఉన్న పేజీ పెడితే ఐడీఈ సంగతి నేను చూసి చెప్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.